కాగితం మా జబాన్‌లోనే ఉంది

దిల్‌సుఖ్‌నగర్ పేరులో సగం ఫార్సీ, సగం సంస్కృతం. దిల్ మాది, సుఖ్ మీది అని పంచుకోవడానికి వీల్లేదు. ఆ పేరుకు మూలమైన దిల్‌సుఖ్‌రాం సాయిబు కాడు. నిజాం కాలంలో మలక్‌పేట పక్కన తనకున్న సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా మార్చాడని చెబుతారు. పక్కనే సరూర్‌నగర్. సరూర్ అన్నా సంతోషమే. ఇటు మూసారాంబాగ్. 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమాను మావాళ్లు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఎల్బీనగర్‌ది తర్వాతి పేరు, లాల్ బహదూర్ శాస్త్రిది. అందులోనూ బహదూర్ ఫార్సీయే!

ఈ పేర్లు చూసి మేం నవాబుల వారసులమనుకునే సెక్యులర్ మిత్రులున్నారు. నవాబులు మా తాతలు కారు. వాళ్ల గుర్రాలకు గడ్డి కోసినవాళ్లు, తోటలకు నీళ్లు పెట్టినవాళ్లు మా తాతలు. 1949లో జాగీర్లు రద్దయితే మేం ఏడవలేదు. కానీ 1948 పోలీస్ యాక్షన్ తర్వాత పోయినవి జాగీర్లు మాత్రమేనా? సిపాయి నౌకరీ పోయింది, కచేరీలో మున్షీ నౌకరీ పోయింది, కచేరీ భాషగా ఉర్దూ పోయింది. నౌకరీ పోయినవాడు ముందు అమ్ముకునేది ఇల్లే.

కొన్నవాళ్లు విజయవాడ రోడ్డు మీదుగా వచ్చారు. నల్గొండ టీచర్లు, ఖమ్మం గుమాస్తాలు, కృష్ణా గుంటూరు ఉద్యోగులు, కోచింగ్ సెంటర్ల కోసం పిల్లల్ని తీసుకొచ్చిన రైతులు. జీతం మిగిల్చి రెండొందల గజాలు కొనుక్కున్నవాళ్ల మీద మాకు కోపమెందుకు? వాళ్లు ఉండటానికి కొన్నారు. మా పేచీ మారుబేరంతో.

అదెలా జరుగుతుందో చెప్పాలి. పాత పెంకుటిల్లు, పెరట్లో జామచెట్టు, రోడ్డువైపు రెండు మల్గీలు. ఒకడొచ్చి బయానా ఇస్తాడు, మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాయించుకుంటాడు. గడువు తీరకముందే ఆ అగ్రిమెంట్‌ను ఇంకొకడికి లాభానికి అమ్ముతాడు. వాడు మరొకడికి. రిజిస్ట్రేషన్ రోజున ఇంటాయన ఎన్నడూ చూడని మనిషికి సంతకం పెడతాడు. మధ్యవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు, వాళ్ల లాభం మాత్రం ఆ వీధిలోని ప్రతి గజం మీదా ఉంటుంది. అగ్రిమెంట్ కాకపోతే జీపీఏ. జీపీఏ అమ్మకంతో యాజమాన్య హక్కు రాదని 2011లో సూరజ్ లాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు దాన్నే పట్టాగా నమ్మి కట్టుకున్న పేదవాడి సంగతి?

మెట్రో వస్తుందన్న మాటకే ధర లేచింది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు నడిచింది 2018 సెప్టెంబర్ 24న. అప్పటికి చాలా ఇళ్లు రైలెక్కకుండానే మూడు నాలుగు చేతులు మారాయి. మల్గీల్లో అద్దెకున్న దర్జీ, పంచర్ షాపు ఖాళీ చేయాల్సివచ్చింది. పాత పగిడీకి విలువ లేదు, కొత్త అడ్వాన్సు అందదు.

అమ్మినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు, దలాలుల్లోనూ ఉన్నారు. అది దాచిపెట్టం. షరియత్ ప్రకారం కొడుకులు, కూతుళ్లు, భార్య, ఒక్కోసారి తల్లి, అందరూ వాటాదార్లే. నూటయాభై గజాలు ఏడుగురికి పంచాలంటే అమ్మడమే దారి. అప్పుడు కూడా చెల్లెలి చేత హక్కు విడుదల కాగితం మీద వేలిముద్ర వేయించి, ఆమె వాటా మింగిన అన్నలున్నారు. కురాన్ ఇచ్చిన దాన్ని కూడా ఇవ్వనివాడు కౌమ్ పేరెత్తి మాట్లాడితే మేం వినం.

అమ్మినవాడు మళ్లీ అదే బస్తీలో కొనలేడు, అద్దెకుందామంటే పేరు అడుగుతారు. ఇది కొత్త కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాక మరీ ఎక్కువైంది. ఆ బస్టాపులో మేమూ నిలబడేవాళ్లమే, చనిపోయినవాళ్లు మా బజారు మనుషులే. అయినా అద్దె ఇల్లు అడిగినప్పుడు జవాబుదారీ మాదే అయింది. 'మేం వెజిటేరియన్స్‌కే ఇస్తాం' అన్నమాట ఎంత మర్యాదగా ఉంటుందో! మాంసం తినే రెడ్డిగారికి అదే ఫ్లాటు దొరుకుతుంది. మావాడు సైదాబాద్ దాటి, సంతోష్‌నగర్ దాటి, మావాళ్లున్న ఇరుకులోకే పోతాడు. అప్పుడు 'మీరంతా ఒకేచోట గుంపుగా ఎందుకుంటారు' అని వ్యాసాలొస్తాయి.

భూమి పుట్టుపూర్వోత్తరాలు మాత్రం ఇంకా ఉర్దూలోనే ఉన్నాయి. ఖాస్రా పహాణీ, సేత్వార్, మున్తఖబ్: ఈ మాటలు తెలియని బిల్డర్ లేడు, అవి చదవగలిగిన బిల్డర్ అరుదు. కేసు పడ్డప్పుడో, బ్యాంకు లోను ఆపినప్పుడో మాలో ఉర్దూ వచ్చిన ముసలాయన కోసం మనిషిని పంపుతారు. మేమూ అలా కొన్ని చదివిపెట్టాం. షికస్తా రాత, వెలిసిన సిరా, సర్వే నంబరు ఉర్దూ అంకెల్లో. హద్దులు తేల్చి చెబితే చాయ్ తాగించి, మర్యాదగా గేటు దాకా వచ్చి సాగనంపుతారు. అదే బిల్డింగ్‌లో ఒక ఫ్లాటు అద్దెకు ఉందా అని అడిగితే, ఓనర్‌ను కనుక్కొని చెబుతామంటారు.