విద్యుత్ బండికి రేవు ఏ వైపున?

చీరాలకు కొద్ది మైళ్ళ దూరమున, సముద్రపుటొడ్డున వాడరేవు అను గ్రామము కలదు. పాత తెలుగులో 'వాడ' అనగా ఓడ. ఓడలు వచ్చి ఆగు చోటు కనుక ఆ ఊరికి ఆ పేరు వచ్చినది. నేడు అచ్చట కనిపించునవి చేపల పడవలు. అవి అలలను దాటివచ్చి ఇసుక తిన్నెపై నిలుచును. తిన్నెకు కట్టిన గట్టు లేదు. కనుక పడవ కుడివైపు నుండియైనను, ఎడమవైపు నుండియైనను, ముక్కు దిక్కు నుండియైనను చేపల బుట్టలు దింపుకొనవచ్చును. ఏ వైపు అను ప్రశ్నయే అక్కడ పుట్టదు.

గట్టు కట్టిన రేవులో అట్లు కాదు. పడవ ఏదో ఒక పక్కను గట్టుకు ఆనించి నిలువవలెను. అప్పుడే 'ఏ పక్క?' అను ప్రశ్న పుట్టును. సరిగా ఇదే ప్రశ్న నేడు విద్యుత్ మోటారు బండ్ల విషయమున మరల లేచినది. బండిలోని బ్యాటరీకి విద్యుత్తు ఎక్కించు ద్వారమును 'ఛార్జింగు పోర్టు' అందురు. లాటిను భాషలో 'పోర్టా' అనగా ద్వారము, 'పోర్టస్' అనగా రేవు. ఈ రెండు మాటలును ఒక కుదురునుండి వచ్చినవే. ఆ ద్వారము బండికి ముందుండవలెనా, వెనుక ఉండవలెనా, కుడినా, ఎడమనా? దీనికి ఓడల చరిత్రలోను, పెట్రోలు కార్ల చరిత్రలోను కొంత జవాబు దొరకును.

ఓడకు ఎడమవైపు ఎందుకు?

చుక్కాని ఓడ వెనుక నడుమకు రాకముందు, ఉత్తర ఐరోపా నావికులు ఓడ వెనుకభాగమున, పక్కగా కట్టిన పెద్ద తెడ్డుతో దారి తిప్పెడివారు. మనుష్యులలో ఎక్కువమంది కుడిచేతివాటము వారు కనుక ఆ తెడ్డు కుడిపక్కన ఉండెడిది. తెడ్డు ఉన్న వైపును గట్టుకు ఆనించినచో తెడ్డు నలిగిపోవును. అందుచేత ఎడమవైపును గట్టుకు ఆనించి, ఆ వైపునుండియే సరకు ఎక్కించుట అలవాటైనది. ఇంగ్లీషులో కుడివైపునకు 'స్టార్‌బోర్డు' అనియు, ఎడమవైపునకు 'లార్‌బోర్డు' అనియు పేర్లు ఏర్పడినవి. మొదటిదానికి దారి తిప్పు పక్క అనియు, రెండవదానికి సరకు ఎక్కించు పక్క అనియు అర్థము. తుపాను హోరులో ఈ రెండు మాటలు ఒకేలాగున వినిపించి ప్రమాదములకు దారితీయునని, 1844లో బ్రిటిషు నౌకాదళము 'లార్‌బోర్డు'ను విడిచి 'పోర్టు' అను మాటను నిర్ణయించినది. రెండేండ్లకు అమెరికా నౌకాదళమును అట్లే చేసినది.

ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. రేవు వైపును ఏ శాసనమును మొదట నిర్ణయింపలేదు. తెడ్డు ఎక్కడ ఉన్నదో, గట్టు ఎట్లున్నదో చూచి వాడుకయే నిర్ణయించినది. తరువాత నియమము వచ్చి ఆ వాడుకను స్థిరపరచినది.

తొలి విద్యుత్ బండ్లు

1859లో గాస్టన్ ప్లాంటె సీసపు పలకల బ్యాటరీని కనుగొనెను. 1881లో గుస్తావ్ ట్రూవే పారిస్ వీధిలో విద్యుత్తుతో నడచు మూడుచక్రముల బండిని తోలెను. 1897 నాటికి న్యూయార్కులో విద్యుత్ టాక్సీలు తిరుగుచుండెను. వానికి ఛార్జింగు ద్వారము అంత ముఖ్యము కాదు. టాక్సీ కేంద్రమునకు రాగానే యంత్రముల సహాయమున మిక్కిలి బరువైన బ్యాటరీని బయటికి లాగి, నిండిన మరియొక బ్యాటరీని లోపలికి తోయుచుండిరి. బండ్లు అన్నియు ఒకే సంస్థవి, కేంద్రమును ఆ సంస్థదే. రెండును ఒకదానికొకటి సరిపోవునట్లు కట్టిరి కనుక తగవు లేకపోయినది.

సొంత బండ్లు కొన్నవారు ఇంటిలోనే ఛార్జి చేసికొనవలసివచ్చినది. బ్యాటరీకి ఏకముఖ విద్యుత్తు కావలెను. ఇండ్లకు వచ్చునది చాలచోట్ల ఏకాంతర విద్యుత్తు. 1902లో పీటర్ కూపర్ హ్యూయిట్ కనుగొన్న పాదరసపు ఆర్కు రెక్టిఫయరు ఈ చిక్కును తీర్చినది. బండి ఇంటి కొట్టములో, యంత్రము గోడకు. యజమాని ఒక్కడే, తావు ఒక్కటే. ఇది వాడరేవు ఇసుకపై నిలిచిన పడవ వంటిది. ఏ వైపైనను సరిపోవును.

పెట్రోలు మూత తిరిగిన తావులు

తరువాత పెట్రోలు కార్లు గెలిచినవి. 1908లో వచ్చిన ఫోర్డు టి-నమూనా కారులో పెట్రోలు తొట్టి ముందు సీటు క్రింద ఉండెడిది. పెట్రోలు పోయుటకు కూర్చున్నవారు లేచి సీటు ఎత్తవలెను. 1928 నాటి ఎ-నమూనాలో తొట్టి మూత ముందటి అద్దము ఎదుటికి వచ్చినది. ఫోక్సువ్యాగన్ బీటిల్ కారులో చాలకాలము అది ముందు మూత క్రింద దాగియుండెను. 1956 నాటి షెవ్రొలే కారులో ఎడమ వెనుక దీపము చాటున ఉండెను. అమెరికా కార్లు కొన్నింటిలో వెనుక నంబరు పలక చాటునకు చేరినది. నంబరు పలక చాటున ఉన్నచో బంకులో ఏ వైపున నిలిపినను గొట్టము అందును. ఇది మంచి ఉపాయమే. కాని వెనుకనుండి మరియొక బండి గుద్దినపుడు పెట్రోలు చిమ్మి అగ్ని పుట్టు భయము కలదు. 1970వ దశకములో అమెరికాలో భద్రతా నియమములు గట్టిపడిన మీదట మూత పక్కలకు మారినది.

పక్కకు మారగానే 'ఏ పక్క?' అను చిక్కు తిరిగి వచ్చినది. 1986లో ఫోర్డు సంస్థ ఇంజనీరు జిమ్ మోయ్లాన్ సులభమైన ఉపాయము చెప్పెను. పెట్రోలు కొలత చూపు ముల్లు పక్కన చిన్న బాణపు గుర్తు వేసినచో మూత ఏ వైపున ఉన్నదో తోలువానికి తెలియును. 1989 నమూనాలలో ఆ గుర్తు కనిపించినది. నేడు ప్రపంచమంతట కార్లలో అది కలదు. స్థానము స్థిరము కానపుడు గుర్తు అయినను స్థిరముగా ఉండవలెనని ఆ బాణము బోధించును.

మరల విద్యుత్తు

1996లో జనరల్ మోటార్సు వారి ఇ.వి.-1 కారు వచ్చినది. దాని ఛార్జింగు ద్వారము కారు ముక్కుమీద ఉండెను. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ కూడ ముక్కునే ఎన్నుకొన్నది. 2012 నాటి టెస్లా ఎస్-నమూనా ఎడమ వెనుక దీపము చాటున దాచినది. అదే ఏడు టెస్లా తన కార్లకు మాత్రమే సరిపోవునట్లు పొట్టి తీగలతో వేగపు ఛార్జింగు స్తంభములను నెలకొల్పెను. ఇది న్యూయార్కు టాక్సీ కేంద్రము వంటి ఏర్పాటు. 2021లో ఆ స్తంభములను నెదర్లాండ్సులో ఇతర కార్లకును తెరచినపుడు చిక్కు బయటపడినది. ద్వారము వేరొక మూలనున్న కార్లకు తీగ అందలేదు. అట్టి కారు రెండు బండ్ల తావును ఆక్రమించి నిలువవలసివచ్చినది. 2023 నుండి పొడవు తీగల స్తంభములు వచ్చినవి.

'తీగను ఎంతైనను పొడిగింపవచ్చును గదా' అని విద్యార్థి అడుగవచ్చును. తీగ నిరోధము దాని పొడవును బట్టి పెరుగును. దానిలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును. వేగపు ఛార్జింగులో ప్రవాహము వందల ఆంపియర్లు ఉండవచ్చును. అందుచేత తీగ లావుగా ఉండవలెను, లావైనది బరువగును. పొడవు పెరిగినకొలది వృద్ధులును, చక్రముల కుర్చీలో తిరుగువారును దానిని ఎత్తలేరు.

మన దేశపు లెక్క

మన దేశములో బండ్లు రోడ్డుకు ఎడమవైపున నడచును, ఎడమ అంచునే ఆగును. 4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు గల కారును ఊహింపుడు. స్తంభము కాలిబాట అంచున, కారు ఎడమ ముందు మూలకు ఎదురుగా ఉన్నది. తీగ పొడవు 5 మీటర్లు. ద్వారము ఎడమ ముందు రెక్కలో ఉన్నచో సుమారు 1 మీటరు చాలును. ముక్కు నడుమ ఉన్నచో సుమారు 2 మీటర్లు. కుడి వెనుక ఉన్నచో కారు చుట్టు తిరిగి 5.7 మీటర్లకు మించును, తీగ అందదు. అందినను అది వాహనములు తిరుగు వైపున వ్రేలాడుచుండును. ఛార్జి పెట్టు మనిషి కూడ ఆ రాకపోకల నడుమనే నిలువవలెను. ముక్కుమీది ద్వారము రెండు వైపులకును సమానమే. కాని బండి దేనినైన గుద్దినపుడు మొదట నలుగునది ముక్కే. ఇన్నియు తూచినచో ఎడమ ముందు రెక్క మన వీధులకు అనువైన తావుగా కనిపించును. అమెరికావలె కుడివైపున నడచు దేశమునకు ఇదే లెక్క కుడి రెక్కను చూపును. ఒకే కారును రెండు దేశములకు అమ్మదలచిన సంస్థకు ముక్కు నచ్చుట ఇందువలననే కావచ్చును.

వాడుకలో ఏమి జరిగినది? 2020లో వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్ కారులో ద్వారము పూర్వము పెట్రోలు మూత ఉండిన తావుననే అమర్చబడెను. 2025లో పెనుకొండ కియా కర్మాగారమునుండి వచ్చిన కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారు ముక్కును ఎన్నుకొన్నది. తిరుమల కొండకు 2022లో మొదలైన విద్యుత్ బస్సులకు ఈ చిక్కు లేదు. బస్సులును, వానికి ఛార్జి చేయు తావును ముందుగా కలిపి యోచించినవే.

ప్లగ్గు ఆకారమును గురించి నియమములు వచ్చినవి. 2017లో భారత్ ఏ.సి.-001, డి.సి.-001 అను ఏర్పాట్లును, తరువాత ఐ.ఎస్. 17017 అను ప్రమాణములును వెలువడినవి. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ నగరములలో 3 కిలోమీటర్ల చదరమునకు ఒకటి, రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒకటి వంతున ఛార్జింగు కేంద్రములు ఉండవలెనని మార్గదర్శక సూత్రములు ఇచ్చినది. ప్లగ్గు రూపమును, స్తంభముల దూరమును నియమము చెప్పినది. బండిపై ద్వారపు తావును మాత్రము తయారుచేయువారికే విడిచినది.

ఉప్పు గాలి, ఉప్పు నీరు

కోస్తా ఊళ్ళకు మరియొక విచారము కలదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. ఉప్పు నీరు విద్యుత్తును మంచినీటికన్న ఎంతో బాగుగా ప్రవహింపజేయును, లోహమును తినివేయును. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను వచ్చినపుడు అమెరికాలోని ఫ్లోరిడాలో సముద్రపు నీట మునిగిన కొన్ని విద్యుత్ కార్లు తరువాత అంటుకొన్నవి. ద్వారమును ఎత్తున పెట్టినంత మాత్రమున క్రిందనున్న బ్యాటరీ మునుగకుండునని కాదు. అయినను వాన నీరు నిలువని ఎత్తు, గట్టి మూత, నీరు జారిపోవు రంధ్రము తీరప్రాంతమున అవసరము.

తడిచేతితో ప్లగ్గు పట్టుకొన్నచో ప్రాణాపాయము కాదా? కారు ప్లగ్గులో ఇందుకు కట్టుదిట్టము కలదు. ప్లగ్గు సాకెట్టులో కుదురుకొని, సెకనుకు 1000 మారులు కొట్టుకొను చిన్న సంకేతముతో బండియు స్తంభమును ఒకదానితో ఒకటి మాటలాడుకొని ఒప్పుకొన్న తరువాతనే ప్రధాన విద్యుత్తు వదలబడును. ప్లగ్గు ఊడదీయుటకు మీట నొక్కగానే అది ఆగును. ఇంటి గోడలోని సాధారణ సాకెట్టుకు ఈ మాటలాడు శక్తి లేదు. తడి నేలమీద అట్టి సాకెట్టునుండి అతుకుల తీగలతో ఆటోలకు ఛార్జి పెట్టుట ప్రమాదకరమగుట ఇందుచేతనే.

మోటుపల్లి పాఠము

వాడరేవు తీరముననే, దక్షిణముగా మోటుపల్లి కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అచ్చట అభయశాసనము వేయించెను. గాలికి కొట్టుకొనివచ్చి తీరము చేరిన ఓడల సరకును పూర్వపు రాజులు అపహరించెడివారనియు, ఇకమీద నియమితమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబడదనియు ఆ శాసనము దూరదేశపు వర్తకులకు అభయమిచ్చినది. రేవుకు వచ్చువానికి ముందుగా తెలియవలసినది తెలిసినచో భయముండదు. అట్టి రేవునకు ఓడలు వచ్చును.

విద్యుత్ బండి తోలువానికిని ఇంతే కావలెను. తెలియని ఊరిలో చీకటిపడిన తరువాత స్తంభము చేరినపుడు తీగ తన బండికి అందునని నమ్మకముండవలెను. రోడ్లమీద నేడున్న విద్యుత్ బండ్లు రేపు రాబోవు వానికన్న చాల తక్కువ. లక్షల కార్లు తయారైన పిదప వాని ద్వారములను మార్చుట అసాధ్యము. స్తంభములనే ఎక్కువ ఖర్చుతో మార్చుకొనవలసివచ్చును. ఇసుక తిన్నెపై ఏ వైపైనను ఒక్కటే. గట్టు కట్టదలచినవారు మాత్రము వైపును ముందుగా తేల్చుకొనవలెను.