కేతేపల్లికి వచ్చు రెండు ప్రవాహములు

నల్లగొండ జిల్లా కేతేపల్లి ప్రాంతమునకు హైదరాబాదునుండి రెండు ప్రవాహములు వచ్చుచున్నవి. ఒకటి విజయవాడ రహదారి, రెండవది మూసీనది. నదిపై సోలిపేట వద్ద ఆనకట్ట 1963లో పూర్తియైనది. రహదారిని పెద్దలు 9వ నంబరుగా ఎరుగుదురు, నేడది 65వది.

2007లో 12 శివారు పురపాలక సంఘములను హైదరాబాదు నగరములో కలిపిరి. ఊరు కలిసినంత త్వరగా మురుగు కాలువలు రావు గదా! 2012 నాటికి మల్కాపురంనుండి నందిగామ వరకు 181 కిలోమీటర్లు నాలుగు వరుసలైనవి. చిత్రమేమన, ఇండ్లు క్రిక్కిరిసిన ఎల్.బి.నగర్–మల్కాపురం భాగమును ఆరు వరుసలు చేయుటకు శంకుస్థాపన 2022లో గాని జరుగలేదు.

రహదారికి బండ్లను లెక్కించిరి. ఆ దారివెంట లేచిన ఇండ్ల మురుగునీటిని అంత శ్రద్ధగా లెక్కించినట్లు తోచదు. శుద్ధికాని నీరు మూసీలోబడి సోలిపేట జలాశయము చేరుచున్నది. ఇచటి ఆయకట్టులో వరి పండునది ఆ నీటితోనే.