మరువని గాజు

కంప్యూటరు అనబడు గణకయంత్రమునకు విద్యుత్తు ఆగినంతనే, అది పని నడుమ మనసున నిలుపుకొన్న లెక్క యంతయు తుడిచిపెట్టుకొని పోవును. ఈ మరపు లేని కాలము కూడ ఒకటి ఉండెను. 1960లో బొంబాయి టాటా పరిశోధనసంస్థలో పనికి దిగిన ‘టిఫ్రాక్’ యంత్రమునందు జ్ఞాపకమునకు ఆధారములు ఫెరైటు అను అయస్కాంతద్రవ్యపు చిన్న ఉంగరములు. ఒక దిశగా అయస్కాంతత్వము పొందిన ఉంగరము విద్యుత్తు లేకున్నను ఆ దిశనే నిలుపుకొనును. అయితే ఆ ఉంగరములను సన్నని తీగలపై గుచ్చుట ఎంతో ఓపికతో కూడిన పని; ఖర్చు హెచ్చు. 1970లో అమెరికాలోని ఇంటెల్ సంస్థ 1,024 బిట్లు పట్టు సిలికాన్ చిప్పును విపణికి తెచ్చినది. అందలి విద్యుదావేశము కారిపోవుచునే యుండును గనుక మరల మరల నింపుచుండవలెను. లోకము చౌకను కోరుకొన్నది, మరపును భరించినది.

శ్రోతలు గమనింపవలసిన విశేషము వేరొకటి కలదు. అదే 1970 సెప్టెంబరులో, ఆ ఇంటెల్ స్థాపకులలో ఒకడైన గార్డన్ మూర్ మరి యిద్దరితో కలిసి ‘ఎలక్ట్రానిక్స్’ పత్రికలో మరొక జ్ఞాపకమును గూర్చి వ్రాసెను. అది 256 బిట్లది; విద్యుత్తు లేకున్నను మరువనిది. తక్కిన యిద్దరును స్టాన్‌ఫర్డ్ ఒవ్షిన్‌స్కీ కొలువులోని వారు.

ఈ ఒవ్షిన్‌స్కీ 1922లో ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమున, పాతయినుము పోగుచేసి అమ్ముకొను నొకని కుమారుడై జన్మించెను. కళాశాల గడప తొక్కలేదు. లేతుయంత్రముపై పనిచేసిన కార్మికుడు. 1968లో అతడు తన ఆవిష్కరణను భౌతికశాస్త్ర పత్రికలో ప్రకటింపగా, న్యూయార్క్ టైమ్స్ ఆ వార్తను మొదటి పుటలో వేసినది. పండితులు పలువురు పెదవి విరిచిరి. పట్టా లేనివాని మాట యగుటయు అందులకొక కారణమని మేము తలంచుచున్నాము.

అతని గాజు టెల్లూరియము మొదలగు మూలకముల మిశ్రమము. పాకము పట్టుట తెలిసినవారికి దాని తీరు సుబోధము. పంచదార పాకమును నెమ్మదిగా పేరనిచ్చినచో పలుకులు కట్టి కలకండ యగును. చప్పున చల్లార్చినచో పలుకు లేక గాజువలె బిగియును. ఈ మిశ్రమమును కూడ తీవ్రమగు విద్యుత్తుతో ఒక్క లిప్త కరగించి విడిచినచో, గాజై విద్యుత్ప్రవాహమును అడ్డగించును. మందమగు విద్యుత్తును కొంచె మెక్కువసేపు పంపినచో పలుకులు కట్టి సులువుగా దారి యిచ్చును. మొదటి స్థితి సున్న, రెండవది ఒకటి. విద్యుత్తు తీసివేసినను ఉన్న స్థితి మారదు.

చిక్కంతయు కరగించుటలోనే యున్నది. ఆనాటి జ్ఞాపకబిందువులు పెద్దవి. వానికి కావలసిన విద్యుత్తు మిక్కిలి యెక్కువ. లేసరు కిరణముతో వేడిచేయు ఉపాయము మాత్రము ఫలించి, చెరిపి వ్రాయదగిన సీడీ, డీవీడీ పళ్లెములలో ఈ జాతి ద్రవ్యమే ఇండ్లలో ప్రవేశించినది.

ఒవ్షిన్‌స్కీ 2012లో మరణించెను. 2015లో ఇంటెల్, మైక్రాన్ సంస్థలు కలిసి, వేగమును మరపులేమియు గల కొత్త జ్ఞాపకమును ప్రకటించినవి. ద్రవ్యమేదో చెప్పలేదు. చిప్పును విప్పి చూచినవారు ఆ జాతి మిశ్రమమే యని తేల్చిరి! వెల విషయమున అది పాత సిలికాన్ జ్ఞాపకములకు పోటీ నిలువలేదు; 2022లో ఇంటెల్ ఆ వ్యాపారము చాలించుకొనుచున్నట్లు ప్రకటించినది. అయినను ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ అను ఐరోపా సంస్థ, మోటారుకార్ల నడకను అదుపుచేయు చిప్పులలో, ఆ పలుకుగట్టు గాజునే నేటికిని పొదుగుచున్నది.