పుస్తకశుల్కము: మదనపల్లె నుండి కుప్పము వఱకు

విద్యాశాలకు గ్రంథాలయము ప్రాణమని చెప్పనివారు లేరు. ఆ ప్రాణమును నిలుపుటకు ధన మెవ్వ రీయవలె ననునప్పుడు మాత్రము సభ నిశ్శబ్ద మగును. రాజు, జమీందారు, దొరతనము, పౌరుడు, విద్యార్థి యని యైదుగురు దాతలు చరిత్రలో గానవచ్చుచున్నారు. వీరిలో గడపటివా డిచ్చునది మిక్కిలి స్వల్పము. అయినను చిత్తూరు సీమలోని విద్యాసంస్థల చరిత్రను బరిశీలించువారి కా స్వల్పమైన దాని కథయే విచారార్హముగా దోచును.

పూర్వకాలమున మన దేశమున శిష్యుని యొద్ద గ్రంథములకై ధనము గొను నాచారము ప్రసిద్ధము గాదు. 1058వ సంవత్సరపు నాగవి శాసనమున ఘటికాశాల విద్యార్థులతో పాటు ఆఱుగురు సరస్వతీభాండారికులు పేర్కొనబడిరి. వారు గ్రంథరక్షకులు. ఆ శాలకు ధర్మదాయమే యాధారము. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో, వెలసిన మల్కాపుర శాసనమునందును అధ్యాపకులకు, విద్యార్థులకు భూదానమే జీవనోపాయముగా జెప్పబడినది.

శుల్కశబ్దము మాత్రము ప్రాచీనమే. పాణిని యైదవ యధ్యాయమున వృద్ధి, ఆయ, లాభములతో గూడ శుల్కమును, ఉపదను ఒక్క సూత్రముననే చేర్చెను. కాశికాకారులు శుల్కమనగా రక్షణమునకు బ్రతిఫలముగా రాజు గొను భాగమనియు, ఉపదయనగా లంచమనియు వివరించిరి. రెండును చేతికి వచ్చు ధనములే. కాని మొదటిదానికి బదులుగా రాజు చేయవలసిన పని యొకటి నియతమై యున్నది. పుస్తకముల పేర విద్యార్థి యొద్ద గొనిన ధనము పుస్తకములకు జేరనిచో దాని నేమని పిలువవలయునో వైయాకరణులు నిర్ణయింతురు గాక!

విద్యార్థుల రుసుముతో విద్యాసంస్థను నడపు పద్ధతి మనకు విశ్వవిద్యాలయములతో వచ్చినది. 1857లో నేర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయము తొలుత బరీక్షించు సంస్థయే గాని బోధించునది గాదు. పరీక్షలకును బట్టములకును గొను రుసుములే దానికి ముఖ్యమైన రాబడి. పరీక్షించువానికి బుస్తకశాలతో బనియేమి? 1904 నాటి విశ్వవిద్యాలయముల శాసనము వచ్చిన పిమ్మటనే యీ స్థితి మాఱెను. ఆ శాసనము విశ్వవిద్యాలయములు స్వయముగా గ్రంథాలయములను బెట్టుకొనుట కధికార మిచ్చుటయే గాక, అనుబంధము గోరు ప్రతి కళాశాలయు గ్రంథాలయమునకు దగిన యేర్పాటు చూపవలెనని విధించెను.

ప్రత్యేకముగా బుస్తకములకే శుల్కము విధించుటకు మంచి యుదాహరణము ఆక్స్‌ఫర్డునందు గలదు. అచటి బాడ్లీ గ్రంథాలయము 1602లో దెఱవబడినది. స్థాపకు డిచ్చిన యాస్తి కాలక్రమమున గ్రంథములు గొనుటకు జాలదయ్యెను. 1780లో విశ్వవిద్యాలయమువారు, గ్రంథాలయమున జదువుట కర్హులైన వారందఱు నేటేట నాలుగు షిల్లింగు లీయవలెననియు, క్రొత్తగా జేరు విద్యార్థుల ప్రవేశరుసుమునుండి కొంత భాగము గ్రంథాలయమునకు జెందవలెననియు నిర్ణయించిరి. అంతవఱకు నామమాత్రమై యున్న గ్రంథక్రయము నాటినుండి స్థిరపడినది. నాలుగు షిల్లింగులు గొప్ప ధనము గాదు. అది ప్రతియేడును వచ్చుట, వేఱొక పద్దులో గలియకుండుట, ఈ రెండే దాని బలము. దానము వైకల్పికము, శుల్కము నిత్యము.

నిత్యమనుకొన్నదియు నొక్కొక్కప్పుడు లోపించును. దానికి మదనపల్లె నిదర్శనము. 1915లో అనిబిసెంటుగారి పూనికతో దివ్యజ్ఞానసమాజమువా రచట గళాశాల స్థాపించిరి. రెండేండ్లకే హోంరూలు కలకలమున బిసెంటుగారు నిర్బంధింపబడిరి. కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయముతోడి యనుబంధము పోయెను. అంతట నది వుడ్ జాతీయ కళాశాలయను పేర అడయారునందలి జాతీయ విశ్వవిద్యాలయమున జేరెను. ఆ విశ్వవిద్యాలయమునకు రవీంద్రనాథఠాకూరు కులపతి. ఆయన 1919లో మదనపల్లెకు వచ్చి, కజిన్సు పండితుని యాతిథ్యమున నుండి, జనగణమన గీతమును ఆంగ్లమున ననువదించిన సంగతి లోకవిదితము.

ఆ కీర్తి వెనుక నున్న లెక్క నంతగా నెవ్వరును దలపరు. దొరతనపు కొలువునకు బనికిరాని పట్టమునకై చేరు విద్యార్థులు కొలదిమంది యగుట సహజము. విద్యార్థులు తఱిగిన శుల్కము తఱుగును, శుల్కము తఱిగిన మొట్టమొదట నాగునది పుస్తకముల కొనుగోలే. ఏలయన, జీతము లేనిదే యుపాధ్యాయుడు నిలువడు, క్రొత్తపుస్తకము రాకున్నను బీరువా మాటాడదు. ఠాకూరు స్వహస్తముతో వ్రాసియిచ్చిన యా యనువాదప్రతియే, కళాశాల ధనాభావమున జిక్కినప్పుడు, అమెరికాదేశస్థు డొకనికి విక్రయింపబడెనని యచట జనశ్రుతి గలదు. ఆ కథలో విశేష మేమనగా, పుస్తకములు గొనవలసిన విద్యాశాల తన పత్రమునే యమ్ముకొనెను. పిదప మద్రాసుతో సంబంధము మరల గుదిరెను. 1954లో తిరుపతియందు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట గళాశాల దాని యనుబంధమున జేరినది.

జమీందారుల దానమునకు 1948 కడపటి యేడనవచ్చును. ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు జయపురాధీశుడు విక్రమదేవవర్మ యేటేట లక్షరూపాయ లిచ్చుచుండెడివాడు. పుంగనూరు, కంగుంది జమీందారీలతో గూడ మద్రాసు రాష్ట్రమునందలి జమీందారీలన్నిటి రద్దునకు 1948లో శాసనము వచ్చెను. ఆ సంవత్సరమే మద్రాసు పౌరగ్రంథాలయ శాసనమును వచ్చి, దాతృత్వభారమును ఇంటిపన్ను కట్టువానిపై నుంచెను. దాని ననుసరించిన 1960 నాటి ఆంధ్రప్రదేశ శాసనము ప్రకార మిప్పుడు ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు సెస్సు. పురపాలకసంఘములు, పంచాయతీలు దీనిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయసంస్థకు జెల్లింపవలెను. వసూలైనది చెల్లకుండుటనుగూర్చిన మొఱ రాష్ట్రమంతట బాతదే. ఇచట లోపము పన్నుయొక్క స్వల్పత్వమున లేదు. ఒకరు వసూలుచేసి వేఱొకరికి జెల్లింపవలసి యుండుటయం దున్నది. విద్యాశాలలలో బుస్తకరుసుము సామాన్యనిధిలో గలిసిపోవుటయు నిట్టిదే.

కంగుంది జమీందారీ యుండిన కుప్పమునందే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయ మేర్పడినది. తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము, తుళువు మొదలగు భాషల తులనాత్మకపరిశోధన దాని యుద్దేశము. పొరుగు రాష్ట్రములును దానికి దోడ్పడినవి. ఇట్టి సంస్థకు శుల్కమే యాధారమైన గ్రంథాలయము చాలునా? చాలదనక తప్పదు. విద్యార్థుల ధనముతో గొను గ్రంథాలయము న్యాయముగానే వారి పాఠ్యపుస్తకములను బదేసి ప్రతులు గొనును. తుళునిఘంటువునో, అచ్చు నిలిచిపోయిన పాతకన్నడ వ్యాకరణమునో పదియేండ్లకొక్క పరిశోధకుడు తెఱచును. వానికొఱకు నేటి విద్యార్థి, అందును వానలు తక్కువైన యీ సీమలోని రైతుబిడ్డ, ఎందు కీయవలెను? బాడ్లీయందును శుల్కము స్థాపకుని యాస్తికి దోడుగా వచ్చినదే గాని దాని స్థానమున వచ్చినది గాదు. నేటి చదువరి పుస్తకమునకు శుల్కమును, ఇంకను బుట్టని చదువరి పుస్తకమునకు మూలధనమును వేఱువేఱు లెక్కలుగా నుండుట యుక్తము.

మూలధనపు వైపున దారులు సన్నగిల్లినవి. విశ్వవిద్యాలయముల నిధిసంఘమువారు పంచవర్షప్రణాళికలలో బుస్తకములకిచ్చు విరాళము 2017లో ప్రణాళికలతోనే ముగిసెను. శుల్కమో, 2008 నుండి పేదవిద్యార్థుల పక్షమున రాష్ట్రప్రభుత్వమే చెల్లించుచు వచ్చినది. పేదవానికది మహోపకారము, కాని బకాయిపడిన యేడు కళాశాలకు బీజరూపమైన నిత్యత్వము గూడ బోవును. 2024 నవంబరులో గేంద్రప్రభుత్వము ‘ఒక దేశము, ఒక చందా’ యను పథకమును మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలతో నంగీకరించెను. ముప్పదిమంది ప్రకాశకుల సుమారు 13,000 పత్రికలు, 2025 నుండి, ప్రభుత్వవిద్యాసంస్థలకు యంత్రముపై లభ్యములైనవి. అవి పత్రికలు, తుళునిఘంటువు, పాతకన్నడ వ్యాకరణము వానిలో లేవు. వానికై కుప్పములో వేఱొక లెక్క తెఱవవలసియే యున్నది.