నిడుగల్లు ఈతకల్లు, బెంగళూరు గదిలో బీరు



మొన్న మన గ్రూపులో బెంగళూరులో పని చేసే ఒక పిల్లోడు అడిగినాడు: "ఒంటి గది ఇంట్లో ఐదు లీటర్ల బీరు చేసుకోవచ్చునా?" పెద్దోళ్ళు కోప్పడినారు: "తాతలు కుండ దించి మనల్ని చదివించింది దీనికేనా?" ఇద్దరి మాటలోనూ మన చరిత్ర ఉంది. అందుకే రాస్తున్నాం.

నిడుగల్లు అంటే బయటోళ్ళకు కొండమీది కోట, చోళవంశం పేరు చెప్పుకున్న ఇరుంగోళ రాజులు. ఈడిగోళ్ళమైన మనకు వంకగడ్డన ఈతచెట్లు కూడా. సాయంత్రం చెట్టు గీసి కుండ కడితే, తెల్లారి దించుకునేది. ఈత రసంలో చక్కెర ముందే ఉంటుంది. కుండలో, గాలిలో ఉండే ఈస్టు దాన్ని ఆల్కహాలు చేస్తుంది. రోజు తిరిగేలోపు మామూలు బీరంత ఘాటు వస్తుంది. ఇంకా ఉంచితే పులుపెక్కి చెడుతుంది. కుండకు లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, అదే నీరా. అంటే మనోళ్ళ విద్య అంతా కుండ శుభ్రంలో, గడియలు లెక్కపెట్టడంలో ఉంది.

బీరుకు చెట్టు చేసిన పని మనిషి చేయాలి. బార్లీలో ఉండేది పిండి. మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీళ్ళలో నానబెడితే ఆ పిండి చక్కెరవుతుంది. పిల్లలకు రాగిమాల్టు చేసే మన అమ్మలకు ఆ మొలక సంగతి తెలిసిందే. తర్వాత హాప్స్ వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలపాలి. ఐదు లీటర్లకు వంటింటి మూల చాలు. కష్టమల్లా ఎండాకాలం గదిని చల్లగా ఉంచడం, గిన్నెలు శుభ్రంగా ఉంచడం.

మరి చేసుకోవచ్చునా? అది చెప్పేది సర్కారు. పక్కనున్న అనంతపురం సీమలో 1886 మద్రాసు అబ్కారీ చట్టం కింద చెట్టుకు పన్ను కట్టించి నంబరు వేసినారు. గీసేది మనం, హక్కు వేలం పాడినోడిది. కర్ణాటకలో 2004లో కరావళి జిల్లాలు తప్ప కల్లు ఆపేసినారు. 2007 జూలై 1 నుంచి సారాయీ పోయింది. సారాయి పోయినందుకు సంతోషపడిన ఆడోళ్ళు మన ఇళ్ళలోనూ ఉన్నారు, అదీ మరవకూడదు.

అమెరికాలో 1978లో కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు కేంద్ర చట్టం ఒప్పుకుంది: ఒక పెద్ద మనిషి ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200. ఇక్కడ 1965 కర్ణాటక అబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చేస్తే నేరం. కాబట్టి నాయనా, బెంగళూరు గదిలో వద్దు.

కానీ అడిగినందుకు సిగ్గుపడొద్దు. పెద్దోళ్ళకు మా మనవి: కోప్పడే ముందు మోకు ఎట్ల కట్టేది, ఏ చెట్టుకు ఎన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చేది పిల్లోళ్ళకు చెప్పండి. వాళ్ళు ఫోనులో రికార్డు చేస్తారు. కల్లు పోయినా ఆ తెలివి పోకూడదు.