పట్టా లేని పోడు: ఫ్లాష్ ఆటలు చేసినవాళ్ళ కథ



మన గ్రూపులో ఎక్కువగా భూమి గురించి, భాష గురించి, నోటిఫికేషన్ల గురించి రాస్తుంటారు. మేం ఈసారి కంప్యూటర్ ఆటల గురించి రాస్తున్నాం. ఆడటం గురించి కాదు, చేయడం గురించి. జీతం లేకుండా, వెనక కంపెనీ లేకుండా, ఇంట్లో కూచుని సరదాకి ఆటలు చేసినవాళ్ళు వేలమంది ఉండేవారు. వాళ్ళు ఎలా కూడారు, ఎలా చెదిరిపోయారు, మళ్ళీ ఎలా లేచారు అన్నదే ఈ పోస్టు. మనకెందుకు ఇదంతా అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, చివర్లో మన దగ్గరికే వస్తాం.

మాలో చాలామంది మొదట ముట్టుకున్న కంప్యూటర్ స్కూల్ ల్యాబ్‌లోదే. దానికి నెట్ ఉండేది కాదు. ఎవరో సీనియర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిన ఆటలు మాత్రం ఉండేవి. ఫైలు పేరు చివర ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ఉండేది. ఒక్కోటి రెండు మూడు ఎంబీ. నొక్కితే చాలు, ఇన్‌స్టాల్ గోల లేదు. వాటిని ఎవరు చేశారో ఎవరూ చెప్పలేదు. చెట్టుకి కాసినట్టు అవి అక్కడ ఉండేవి, అంతే.

వాటిని చేసిన పనిముట్టు పేరు ఫ్లాష్. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే చిన్న బొమ్మల సాఫ్ట్‌వేర్‌గా పుట్టింది. మాక్రోమీడియా కంపెనీ దాన్ని కొని ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో ఆ మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. ఫ్లాష్ గొప్ప ఏటంటే, బొమ్మని చుక్కలు చుక్కలుగా దాచదు. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ వంగింది, ఎక్కడ ఆగింది అన్న లెక్కని దాస్తుంది. అందుకే ఫైలు చిన్నది. టెలిఫోన్ తీగ మీద నత్తలా నడిచే ఆనాటి నెట్‌లో కూడా దిగిపోయేది. బొమ్మ గీయడం, కదిలించడం, పాట తగిలించడం, ఈ మీట నొక్కితే ఇటు గెంతాలని చెప్పడం, అన్నీ ఒకే చోట. 2000లో ఫ్లాష్ 5తో పాటు యాక్షన్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా వచ్చింది. అప్పటిదాకా ఆట చేయాలంటే ఇంజినీరు కావాలి. ఇక నుంచి బొమ్మలేసే కుర్రాడు చాలు.

ఆ కుర్రాళ్ళు కూడిన చోటు న్యూగ్రౌండ్స్. అమెరికాలో టామ్ ఫల్ప్ అనే ఆయన 1995లో, కుర్రాడిగా ఉన్నప్పుడే దానికి మొదలుపెట్టాడు. ముందు అది తన సొంత పత్రికలాంటిది, తర్వాత సొంత ఆటల సైటు. 1999లో ఆయన పెట్టిన పికోస్ స్కూల్ అనే ఆట చూసి, ఫ్లాష్‌తో ఇంత చేయొచ్చా అని జనం నోరెళ్ళబెట్టారు. అసలు మలుపు 2000లో వచ్చింది. ఎవరు చేసిన ఆటైనా, కార్టూనైనా ఎవరినీ అడక్కుండా వాళ్ళే ఎక్కించుకునే ఏర్పాటు పెట్టాడు. ఎక్కించిన వెంటనే చూసినవాళ్ళు సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. మరీ తక్కువొస్తే అది అక్కడినుంచి ఎగిరిపోతుంది. నిలబడితే ఉంటుంది. పైన ఏ ఆఫీసరూ లేడు, సంతకం లేదు, సిఫారసు లేదు.

ఇది మాకు బాగా నచ్చిన ముక్క. ఊళ్ళో ధింసా ఆడేటప్పుడు కొత్తగా వరసలోకి వచ్చిన పిల్లకి ఎవరూ పాఠం చెప్పరు. అడుగు తప్పితే పక్కదాని చెయ్యి లాగుతుంది, నవ్వుతారు, రెండో రాత్రికి అడుగు కుదురుతుంది. న్యూగ్రౌండ్స్‌లో నేర్చుకోవడం కూడా అలాంటిదే. ఈరోజు తిట్లు తిన్నవాడు రేపు ఇంకో ఆటతో వచ్చేవాడు. కొందరు తాము చేసిన ఆట లోపలి ఫైలునే పంచేవారు, విప్పి చూసుకోమని. గీసేవాడొకడు, పాట కట్టేవాడొకడు, కోడ్ రాసేవాడొకడు, ముగ్గురూ మూడు దేశాల్లో ఉంటూ ఒక ఆట చేసేవారు.

అందులోంచి పెద్ద ఆటలే వచ్చాయి. ఫల్ప్, డాన్ పాలడిన్ కలిసి 2002లో ఫ్లాష్‌లో చేసిన ఏలియన్ హోమినిడ్ రెండేళ్ళకు టీవీకి తగిలించి ఆడే కన్సోల్‌లోకి వెళ్ళింది. ఎడ్మండ్ మెక్‌మిలన్ 2008లో పెట్టిన మీట్ బాయ్, 2010లో సూపర్ మీట్ బాయ్ అయ్యి లోకమంతా అమ్ముడైంది. 2006లో కాంగ్రిగేట్ అనే ఇంకో సైటు వచ్చింది. ప్రకటనల డబ్బులో ఆట చేసినవాళ్ళకి వాటా ఇచ్చేది.

అలాగని అదేదో దేవుడి గుడి అనడం లేదు. రక్తం, బూతులు, ఆడవాళ్ళ మీద చెత్త జోకులు అక్కడ బోలెడు. పికోస్ స్కూల్ కథే బడిలో తుపాకీ కాల్పులు. కాపలా లేని చోట ఇదీ మొలుస్తుంది, అదీ మొలుస్తుంది.

దెబ్బ ఫోను వైపు నుంచి వచ్చింది. 2007లో వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్ నడవలేదు. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా ఉత్తరం రాసి, ఫ్లాష్‌ని ఎందుకు రానివ్వమో చెప్పాడు: బ్యాటరీ తింటుంది, భద్రత లేదు, వేలితో తాకే తెరకి పనికిరాదు, పైగా అది ఒక్క కంపెనీ చేతిలో ఉన్న సొత్తు. ఆ చివరి మాట నిజమే. చెప్పినవాడి దుకాణానికీ తాళం ఉందనుకోండి, అది వేరే సంగతి. 2011 నవంబరులో అడోబీ కూడా ఫోన్ల కోసం ఫ్లాష్ చేయడం ఆపేసింది. కార్టూన్లు చేసేవాళ్ళు యూట్యూబ్‌కి పోయారు. ఆటలు చేసేవాళ్ళు ఫోను స్టోర్లకి పోయారు. అక్కడ అడుగు పెట్టాలంటే గూగుల్‌కి ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టాలి. ఎవరినీ అడక్కుండా ఎక్కించుకునే రోజులు అక్కడితో సరి.

2017 జులైలో అడోబీ ప్రకటించింది: 2020 చివరికి ఫ్లాష్ బంద్. ఇక్కడ మన తేదీ ఒకటి పక్కన పెట్టుకుని చూడండి. జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. మా ఇళ్ళలో మొదటి నెట్ అదే, ఫోన్లోనే. కొండ మీద సిగ్నల్ దొరికే రాయి ఎక్కడుందో మేం వెతుక్కునే నాటికే, ఎవరైనా వచ్చి చేసుకోవచ్చన్న ఆ లోకం తలుపులు మూసే తేదీ రాసేసుకుంది. మనకి చూసే నెట్ వచ్చింది. చేసే నెట్ మన ముందే వెళ్ళిపోయింది.

2020 జులైలో కాంగ్రిగేట్ కొత్త ఆటలు తీసుకోవడం మానేసింది. ఫేస్‌బుక్‌లో మన మాస్టార్లు కూడా పంటలు కోసుకున్న ఫార్మ్‌విల్ ఆ ఏడు డిసెంబరు 31న ఆగిపోయింది, అదీ ఫ్లాష్ ఆటే. 2021 జనవరి 12 నుంచి, తాజాగా ఉంచుకున్న ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే ఏ ఆటనీ తెరవనంది. ఆ తేదీని ముందే దాని లోపల రాసి పెట్టారు. ఇరవై ఏళ్ళ పని, ఒక్క కంపెనీ నిర్ణయం.

కొండ పోడు తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నరికింది మనమే, కాల్చింది మనమే, చోడి చల్లింది మనమే, పిట్టలు తోలింది మనమే. కాయితం మాత్రం ఇంకొకడి బీరువాలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టా చేతికి రానివాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. ఫ్లాష్ వాళ్ళ కష్టం ఆకలి కష్టం కాదు, ఆ రెండూ సమానమని మేం అనడం లేదు. తీరు మాత్రం ఒకటే.

ముందే కీడెంచి కదిలినవాళ్ళూ ఉన్నారు. ఎమ్‌ఐటీలో పిల్లల కోసం 2007లో బయటికి తెచ్చిన స్క్రాచ్, 2013లో రెండో రూపానికి వచ్చినప్పుడు ఫ్లాష్ మీదే కట్టారు. 2019 జనవరికల్లా మొత్తం విప్పి, ఏ బ్రౌజర్‌లోనైనా నడిచేలా మళ్ళీ కట్టారు. పిల్లలు చేసిన పాత ఆటలు కూడా వాటితో పాటే దాటాయి.

ఇక మళ్ళీ లేవడం గురించి. ఇందులో మూడు రకాల పనివాళ్ళు కనిపిస్తారు. మొదటివాళ్ళు విత్తనం దాచినవాళ్ళు. 2018 జనవరిలో ఫ్లాష్‌పాయింట్ అనే పని మొదలైంది. మూతపడుతున్న సైట్లన్నీ తిరిగి ఆటల ఫైళ్ళు ఏరి దాచడం. ఫైలు దాస్తే చాలదు. చాలా ఆటలు లేవగానే, నేను నా సైటులోనే ఉన్నానా అని చూసుకుంటాయి, లేకపోతే నడవవు. అందుకని మన కంప్యూటర్‌లోనే ఒక ఉత్తుత్తి సర్వర్ పెట్టి, నువ్వు ఇంట్లోనే ఉన్నావులే అని ఆటని నమ్మించేలా చేశారు. అలా లక్షకు పైగా ఆటలు, కార్టూన్లు మిగిలాయి. ఏరినవాళ్ళంతా వాలంటీర్లే.

రెండోవాళ్ళు కొత్త నేల చదును చేసినవాళ్ళు. న్యూగ్రౌండ్స్‌తో పాత అనుబంధం ఉన్న మైక్ వెల్ష్ మొదలుపెట్టిన రఫుల్, ఫ్లాష్ ప్లేయర్ లేకుండానే ఫ్లాష్ ఫైళ్ళని బ్రౌజర్‌లో నడిపిస్తుంది. కోడ్ అందరిదీ. పాత ఆటలు ముందు లేచాయి, 2006 తర్వాతి కొత్త యాక్షన్‌స్క్రిప్ట్‌తో చేసినవాటికి ఎక్కువ కాలం పట్టింది. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా రఫుల్ పెట్టుకుని ఫ్లాష్ ఆటలు దాచడం మొదలుపెట్టింది.

మూడోవాళ్ళు కొత్త పంట వేసినవాళ్ళు. 2020 అక్టోబరులో, ఫ్లాష్‌కి మూడు నెలల ఆయుష్షు ఉందనగా, నలుగురు కలిసి లుడమ్ డేర్ అనే పోటీకి ఒక పాటల ఆట చేసి న్యూగ్రౌండ్స్‌లో పెట్టారు. దాని పేరు ఫ్రైడే నైట్ ఫంకిన్. మన తమ్ముళ్ళు చాలామంది దాన్ని యూట్యూబ్‌లో చూసే ఉంటారు. అందులో ఎదురు నిలిచి పాడే పికో, 1999 నాటి పికోనే. మరుసటి ఏప్రిల్‌లో కొత్త భాగం పెడితే జనం తాకిడికి సైటే కూలబడింది. పూర్తి ఆట చేయడానికి చందాలు అడిగితే 20 లక్షల డాలర్లు దాటాయి. మాకు అంతకంటే పెద్ద విషయం, దాని కోడ్ తెరిచి పెట్టడం. పిల్లలు విప్పుకుని, తమ బొమ్మలు, తమ పాటలు పెట్టుకుని ఎన్నెన్ని రూపాలు చేశారో లెక్కలేదు.

పాత కథ మళ్ళీ జరగబోయింది కూడా. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే కంపెనీ, తమ పనిముట్టుతో చేసిన ఆట ఒక హద్దు దాటి అమ్ముడుపోతే ఆపైన ప్రతి ఇన్‌స్టాల్‌కీ డబ్బు కట్టాలంది. గొడవైంది. కొంత తగ్గారు, ఏడాది తర్వాత పూర్తిగా ఎత్తేశారు. ఈలోగా చాలామంది గోడో వైపు నడిచారు. అర్జెంటీనావాళ్ళు ఇద్దరు చేసి 2014లో అందరికీ వదిలేసిన పనిముట్టు అది. ఫీజు లేదు, వాటా లేదు, రేపు ఎవరూ లాక్కోలేరు. పాత కంప్యూటర్‌లో నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా నడుస్తుంది. ల్యాప్‌టాప్ లేని మాలాంటివాళ్ళకి ఆ చివరిదే ముఖ్యం.

ఇప్పుడు మన దగ్గరికి. సవరలో గాని, కువిలో గాని, గదబలో గాని ఏ కంపెనీ ఆట చేయదు. వాళ్ళకి బేరం గిట్టదు. చేస్తే సరదాకి చేసేవాళ్ళే చేయాలి. మన వైపు అలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు కూడా. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడి పంతులు. సవర నేర్చుకోమని ఆయన్ని ఎవరూ పంపలేదు. సవరల దగ్గరే నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చులోకి తెచ్చాడు. 1936లో మంగేయ్ గొమాంగో సవరకి సొంత లిపి చేశాడు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది, అంటే ఫోన్లో, కంప్యూటర్‌లో ఆ అక్షరాలకి చోటు ఉంది. ఆ చోటులో ఆట మాత్రం ఇంకా పెట్టాలి.

మేం హాస్టల్లో నలుగురం కూడి, ఒక ఫోన్లో, ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో, గోడో పెట్టుకుని పులి మేక మొదలుపెట్టాం. 3 పులులు, 15 మేకలు, నేల మీద బొగ్గుతో గీసే గీతలే. పులి గెంతుతోంది, మేక కదులుతోంది. చిక్కు కోడ్‌లో లేదు. మేకలన్నీ దించేదాకా పులి కొట్టకూడదని మాలో ఒకడి ఊరి మాట, మొదటి మేక నుంచే కొట్టొచ్చని ఇంకొకడి ఊరి మాట. సీతంపేట వైపువాళ్ళు ఒకలా, కురుపాం వైపువాళ్ళు ఒకలా ఆడామంటున్నారు. రెండూ పెట్టి, ఆడేవాళ్ళే ఊరు ఎంచుకునేలా చేద్దామనుకుంటున్నాం.

సంక్రాంతికి ఇళ్ళకి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో తాతల్ని, అవ్వల్ని కూచోబెట్టి గీత గీయించండి. ఫొటో తీయండి. పులిని, మేకని, గెలవడాన్ని, ఇరుక్కుపోవడాన్ని మీ భాషలో ఏమంటారో వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి, వాళ్ళు సరేనంటే ఇక్కడ పెట్టండి. ఊరి పేరు, మండలం పేరు తప్పక రాయండి. కోడ్ మొత్తం ఈ గ్రూపులోనే ఉంచుతాం.