లైసెన్సు నుండి భాగస్వామ్యం దాకా: మీర్‌పేట్ పరిసర రక్షణ పరిశ్రమలు, అంతర్జాతీయ సహకార స్వరూపం (1962–2025)

హైదరాబాదుకు ఆగ్నేయాన, సాగర్ రహదారికీ శ్రీశైలం రహదారికీ నడుమ ఉన్న మీర్‌పేట్ ఒకప్పుడు చెరువుల గ్రామం. పెద్ద చెరువు, సంద చెరువు, మంత్రాల చెరువుల చుట్టూ కాలనీలు పెరిగి, 2019లో అది జిల్లెలగూడతో కలిసి నగరపాలక సంస్థ అయింది. దానికి వాయవ్యంగా కంచన్‌బాగ్, నైరుతిగా బాలాపూర్ అవతల రీసెర్చ్ సెంటర్ ఇమారత్, దక్షిణంగా నాదర్‌గుల్ దాటితే ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిబట్ల ఉన్నాయి. ఈ మూడు చోట్లా కలిపి భారత రక్షణ పరిశ్రమకు ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. ఫ్రెంచి, సోవియట్, ఇజ్రాయెలీ, అమెరికన్ సాంకేతిక పరిజ్ఞానాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు షరతులతో ఈ చిన్న పరిధిలోకి వచ్చాయి. వర్ధమాన శక్తులు అంతర్జాతీయ రక్షణ సహకారాన్ని మారుస్తున్నాయని తరచుగా వినిపించే అభిప్రాయాన్ని పరీక్షించడానికి ఇంతకన్న అనువైన ప్రాంతం తెలుగు నేలపై మరొకటి లేదు.

ఆ అభిప్రాయంలో కొంత నిజముంది. కాని ‘సహకారం’ అనే మాట కింద కనీసం మూడు వేర్వేరు సంబంధాలు దాగి ఉన్నాయి. ఒకరి నమూనాను మరొకరు అనుమతితో తయారుచేయడం మొదటిది. ఇద్దరూ కలిసి రూపకల్పన చేయడం రెండవది. ఒకరి ఆయుధానికి మరొకరు భాగాలు చేసిపెట్టడం మూడవది. వర్ధమాన దేశం బేరసారాల శక్తి ఈ మూడింటిలోనూ పెరిగింది. రూపకల్పనపై అధికారం మాత్రం అదే వేగంతో చేతులు మారలేదు. ఈ తేడాను విస్మరించిన విశ్లేషణ కర్మాగారాల సంఖ్యను చూసి శక్తిని అంచనా వేసే పొరపాటు చేస్తుంది.

కంచన్‌బాగ్: అనుమతి, నిరాకరణ

రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్) 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. మరుసటి ఏడు రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్) ఇక్కడ ఏర్పడింది. 1970లో భారత్ డైనమిక్స్ లిమిటెడ్ (బీడీఎల్), 1973లో మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) వచ్చాయి. పరిశోధనశాల, లోహశాల, ఉత్పత్తిశాల ఒకే ప్రాంగణపు గోడల వెంట ఉండడం తరువాతి కాలంలో ఎంతో అక్కరకు వచ్చింది. అయితే ఆరంభదశలో ఉత్పత్తిశాలకు కావలసిన నమూనా పక్కనున్న పరిశోధనశాల నుండి రాలేదు. బీడీఎల్ మొదటి ఉత్పత్తి ఫ్రాన్సుకు చెందిన ఎస్‌ఎస్-11బీ1 ట్యాంకు విధ్వంసక క్షిపణి. తరువాత ఫ్రెంచి-జర్మన్ మిలాన్, సోవియట్ కాంకర్స్ క్షిపణులను కూడా అది లైసెన్సు మీదే తయారుచేసింది.

లైసెన్సు ఉత్పత్తిని తక్కువచేసి చూడడం నేటి రచనల్లో పరిపాటి. ఖచ్చితమైన కొలతలకు పనిచేసే సాంకేతిక నిపుణులు, నాణ్యతా పరీక్షల క్రమశిక్షణ, విడిభాగాలు సరఫరా చేసే చిన్న పరిశ్రమలు హైదరాబాదులో ఆ దశలోనే ఎదిగాయన్నది మరువరాదు. కాని లైసెన్సు పొందినవాడు నమూనాను మార్చలేడు, మూడవ దేశానికి స్వేచ్ఛగా అమ్మలేడు. అదే కాలంలో డీఆర్‌డీఎల్ చేపట్టిన ‘ప్రాజెక్ట్ డెవిల్’ ఇంకొక దారిని ప్రయత్నించింది. సోవియట్ ఎస్‌ఏ-2 క్షిపణిని విప్పి చూసి అటువంటిదే తయారుచేయాలన్నది దాని లక్ష్యం. ఆ ప్రాజెక్టు క్షిపణిని అందించకుండానే 1980లో ముగిసింది. అయినా ద్రవ ఇంధన ఇంజన్లలో అక్కడ గడించిన అనుభవం తరువాత పృథ్వికి ఉపయోగపడింది.

ఏ.పి.జె. అబ్దుల్ కలాం 1982లో డీఆర్‌డీఎల్ సంచాలకులయ్యారు. 1983లో సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. పృథ్వి 1988 ఫిబ్రవరిలో, అగ్ని 1989 మేలో తొలిసారి ఎగిరాయి. ఈ మధ్యలోనే, 1987 ఏప్రిల్‌లో, ఏడు పారిశ్రామిక దేశాలు క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థ (ఎంటీసీఆర్)ను ప్రకటించాయి. అయిదువందల కిలోల బరువును మూడువందల కిలోమీటర్లకు పైగా మోసే క్షిపణుల పరిజ్ఞానాన్ని ఇతరులకు అందనీయకపోవడం దాని ఉద్దేశం. 1998 మే నాటి పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు మరింత బిగిశాయి. డీఆర్‌డీఎల్, బీడీఎల్ పేర్లు అమెరికా వాణిజ్యశాఖ నియంత్రిత సంస్థల జాబితాకెక్కాయి. 2011 జనవరి వరకు అక్కడే ఉన్నాయి.

నిరాకరణే స్వావలంబనకు కారణమైందన్న వాదన ప్రసిద్ధం. అందులో సగమే నిజం. నిరాకరణ ఎన్నో దేశాలకు ఎదురైంది, అన్నీ క్షిపణులు తయారుచేయలేదు. ప్రత్యేక ఉక్కులు, టైటానియం మిశ్రమాలు పోతపోసే మిధాని ఆంక్షలకు చాలా ముందే, ఫ్రెంచి, జర్మన్ సంస్థల సాంకేతిక సహకారంతోనే నెలకొన్నది. తలుపు మూసుకునేలోగా లోపలికి వచ్చిన పరిజ్ఞానమే మూసుకున్న తరువాత నిలబెట్టింది.

బ్రహ్మోస్: సమభాగం, దాని హద్దులు

పోఖ్రాన్‌కు సరిగ్గా మూడు నెలల ముందు, 1998 ఫిబ్రవరి 12న, భారత్, రష్యాలు ఒక అంతర్ ప్రభుత్వ ఒప్పందం చేసుకున్నాయి. బ్రహ్మపుత్ర, మాస్కోవా నదుల పేర్లు కలిపిన బ్రహ్మోస్ సంస్థకు అదే పునాది. అందులో భారత పక్షానికి 50.5 శాతం, రష్యన్ సంస్థకు 49.5 శాతం వాటా. తొలి పరీక్ష 2001 జూన్ 12న జరిగింది. క్షిపణి సమీకరణ కేంద్రం హైదరాబాదులోనే ఏర్పడింది.

పడమటి దేశాలు తలుపులు బిగిస్తున్న వేళ, ఆర్థిక సంక్షోభంలో ఉన్న రష్యాకు పెట్టుబడీ కొనుగోలుదారూ కావాలి. భారతదేశానికి సూపర్‌సోనిక్ చోదక వ్యవస్థ కావాలి. ఇరువురి అవసరం నుండి పుట్టిన ఈ ఏర్పాటు దాత–గ్రహీత సంబంధాన్ని దాటింది. అయినా దానిపై మూడవవారి నియమం పనిచేసింది. రష్యా 1995లోనే ఎంటీసీఆర్‌లో చేరింది గనుక క్షిపణి పరిధి 290 కిలోమీటర్ల దగ్గర ఆగింది. 2016 జూన్‌లో భారతదేశం స్వయంగా ఆ వ్యవస్థలో సభ్యత్వం పొందిన తరువాతే పరిధి పెంపుకు దారి ఏర్పడింది. ఏ వ్యవస్థ తనను అడ్డుకోవడానికి వినియోగపడిందో అందులోనే చేరి అడ్డును తొలగించుకోవడం వర్ధమాన శక్తి నడవడికి మంచి ఉదాహరణ. నియమాలను కూలదోయడం కన్న నియమకర్తల పంక్తిలో కూర్చోవడాన్నే అది ఎంచుకుంది.

2022 జనవరిలో ఫిలిప్పీన్స్ సుమారు 37.5 కోట్ల డాలర్లకు బ్రహ్మోస్ తీరరక్షక వ్యవస్థను కొన్నది. తొలి విడత 2024 ఏప్రిల్‌లో చేరింది. బీడీఎల్ తయారుచేసే ఆకాశ్ ఆర్మేనియాకు వెళ్ళింది. ఒకనాడు ఎస్‌ఎస్-11ను లైసెన్సు మీద చేసిన సంస్థ ఇప్పుడు స్వదేశీ నమూనాను విదేశానికి పంపుతున్నది. ఈ రెండు అమ్మకాల మధ్య ఒక భేదం గమనార్హం. ఆకాశ్‌ను ఎవరికి అమ్మాలన్నది ప్రధానంగా ఢిల్లీ నిర్ణయం. బ్రహ్మోస్‌కు మాస్కో సమ్మతి కూడా కావాలి.

ఆదిబట్ల: భాగాల భాగస్వామ్యం

2005లో రెండు పరిణామాలు ఒకేసారి సంభవించాయి. జూన్‌లో భారత్, అమెరికాలు రక్షణ సంబంధాలకు కొత్త చట్రాన్ని ప్రకటించాయి. అదే ఏడాది రక్షణ కొనుగోలు విధానంలో ఆఫ్‌సెట్ నిబంధన చేరింది. మూడువందల కోట్ల రూపాయలు మించిన విదేశీ కొనుగోలులో కనీసం 30 శాతం విలువకు సరిపడే పని భారత పరిశ్రమకు దక్కాలన్నది దాని సారం. సీ-130జే రవాణా విమానాల కొనుగోలు 2008లో జరిగింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆదిబట్ల ఏరోస్పేస్ సెజ్‌లో టాటా సంస్థ సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లను, లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సీ-130జే తోక భాగాలను తయారుచేయడం మొదలుపెట్టింది. జార్జియా రాష్ట్రంలోని మారియెట్టాలో తయారయ్యే కొత్త సీ-130జేలకు తోకలు ఆదిబట్ల నుండే వెళ్తున్నాయి. 2018లో టాటా బోయింగ్ కర్మాగారం తొలి అపాచీ ఫ్యూజిలేజ్‌ను అందించింది. 2025 జూన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం రఫేల్ ఫ్యూజిలేజ్ కూడా హైదరాబాదులో తయారు కానున్నది. ఫ్రాన్సు వెలుపల ఆ పని జరగడం అదే ప్రథమం.

కొనుగోలుదారు తన కొనుగోలునే పరపతిగా మార్చుకోవడం ఇక్కడ స్పష్టం. అమెరికా ఆయుధ పరిశ్రమకు ఇది ధర్మకార్యం కాదు. తక్కువ వేతనంతో లభించే నైపుణ్యం దానికి లాభసాటి. ఆ నైపుణ్యాన్ని కంచన్‌బాగ్ ప్రభుత్వ సంస్థలు, వాటి చుట్టూ ఎదిగిన చిన్న యంత్రశాలలు నలభై ఏళ్ళపాటు ప్రజాధనంతో పెంచాయి. ప్రైవేటు కర్మాగారాల విజయగాథల్లో ఈ సంగతి అరుదుగా కనిపిస్తుంది.

ఇంతకూ భాగాలు తయారుచేసేవానికి ఎంత బలముంటుంది? దీనికి సమాధానం టర్కీలో ఉంది. ఎఫ్-35 యుద్ధవిమానానికి టర్కీ కేవలం కొనుగోలుదారు కాదు, కార్యక్రమంలో భాగస్వామి. విమాన మధ్యభాగాన్ని అక్కడి సంస్థ తయారుచేసేది. రష్యా నుండి ఎస్-400 గగనరక్షణ వ్యవస్థను తెచ్చుకున్నందుకు 2019 జూలైలో అమెరికా ఆ దేశాన్ని కార్యక్రమం నుండి తొలగించింది. టర్కీ చేసే భాగాలకు వేరే తయారీదారులను చూసుకున్నది. అదే ఎస్-400 కోసం భారతదేశం 2018 అక్టోబరులో ఒప్పందం చేసుకున్నది, 2021 చివరి నుండి వ్యవస్థలు వచ్చాయి. ఆంక్షలు రాలేదు, ఆదిబట్లలో పని ఆగలేదు. టర్కీ నాటో సభ్యదేశం, భారతదేశం ఏ కూటమిలోనూ లేదు. నాటో సభ్యునిపై మిత్రధర్మం పేరిట ఒత్తిడి తేవచ్చు. చైనాకు ప్రతితూకంగా అవసరమైన దేశంపై ఆ ఒత్తిడికి పరిమితి ఉంటుంది. ఆదిబట్ల కర్మాగారాన్ని కాపాడింది అక్కడ తయారయ్యే తోక భాగం కన్న ఆసియా భౌగోళిక రాజకీయమేనని చెప్పవలసి ఉంటుంది. ఆ రాజకీయం మారితే రక్షణ కూడా మారుతుంది.

గణాంకాలు కూడా ఇదే జాగ్రత్తను కోరుతున్నాయి. భారత రక్షణ ఎగుమతులు 2013–14లో రూ. 686 కోట్లు కాగా, 2024–25లో రూ. 23,622 కోట్లకు చేరాయి. అందులో రూ. 15,233 కోట్లు ప్రైవేటు రంగానివి. గమ్యాలలో ముందున్నవి అమెరికా, ఫ్రాన్స్, ఆర్మేనియా. ఈ ముగ్గురినీ ఒకే పట్టికలో చేర్చడం వల్ల అసలు విషయం మరుగున పడుతున్నది. ఆర్మేనియాకు వెళ్ళేది పూర్తి ఆయుధం. మొదటి రెండు దేశాలకు వెళ్ళేవి ఎక్కువగా వారి ఆయుధాల్లోని భాగాలు. స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్కల ప్రకారం భారత ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం, 2020–24లో 36 శాతం. దిగుమతిదారు ఒక్కరిపై ఆధారపడడం తగ్గించుకున్నాడు, దిగుమతిని మానలేదు. 2020–24లో ఉక్రెయిన్ తరువాత ప్రపంచంలో అతిపెద్ద ఆయుధ దిగుమతిదారు భారతదేశమే.

భారత సైన్యం 2020 ఫిబ్రవరిలో ఆరు అపాచీలకు ఒప్పందం చేసుకున్నది. సైన్యం కోసం చేసిన తొలి ఫ్యూజిలేజ్‌ను ఆదిబట్ల కర్మాగారం 2023 జనవరిలో అందించింది. అక్కడి నుండి అది అరిజోనాలోని మెసాకు చేరాలి. ఇంజన్, గేర్‌బాక్స్, ఆయుధ నియంత్రణ వ్యవస్థలు అమర్చేది అక్కడే. ఆ హెలికాప్టర్ల కోసం సైన్యం 2024 మార్చిలోనే జోధ్‌పూర్‌లో స్క్వాడ్రన్‌ను సిద్ధం చేసింది. మొదటి మూడు హెలికాప్టర్లు హిండన్ స్థావరంలో దిగింది 2025 జూలై 22న.